చేతిలో టోకెన్, నెత్తిన అప్పు: ఆర్థిక మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ ఆర్థిక మంత్రి గారికి,

నమస్కారం.

చదువు కోసం అప్పు అనగానే అందరికీ బ్యాంకు విద్యారుణం గుర్తొస్తుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివే పిల్లల ఇళ్లలో ఉన్నది ఆ అప్పు కాదు. ఊళ్లో ప్రామిసరీ నోటు రాసి, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు. ప్రభుత్వం కట్టాల్సిన ఫీజు సమయానికి రాక తల్లిదండ్రులు కట్టిన డబ్బు అది. అందుకే ఈ లేఖలో కొత్త పథకం అడగడం లేదు. ఉన్న పథకానికి ఒక తేదీ అడుగుతున్నాం.

దరఖాస్తు నడిచే దారి మీకు తెలిసిందే అయినా, అది ఎక్కడ ఆగుతుందో చెప్పాలి. విద్యార్థి ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ ఈపాస్‌లో రెన్యువల్ చేసుకుంటాడు. ప్రిన్సిపాల్ లాగిన్‌లో వెరిఫికేషన్, వేలిముద్ర అయ్యాక అది జిల్లా సంక్షేమ అధికారికి వెళ్తుంది. అక్కడ మంజూరైతే బిల్లు ట్రెజరీకి చేరి టోకెన్ నంబరు, అంటే చెల్లింపు కోసం బిల్లు నమోదైన నంబరు, పడుతుంది. అప్పటిదాకా ఆలస్యమైతే కారణం కనిపిస్తుంది. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి ఆధార్‌లో పొడి అక్షరమే ఉంటుంది. లేదా ఖాతాకు ఆధార్ సీడింగ్ ఉండదు. బ్యాంకులు విలీనమై ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ మారినా ఈపాస్‌లో పాతదే మిగిలిపోతుంది. ఇవి కూర్చుని సరిచేసుకోగల తప్పులు. టోకెన్ పడ్డాక మాత్రం విద్యార్థి, కాలేజీ, జిల్లా అధికారి ముగ్గురూ ఎదురుచూడటం తప్ప చేయగలిగింది లేదు. డబ్బు ఎప్పుడొస్తుందో వాళ్లలో ఎవరికీ తెలియదు.

ఆ ఎదురుచూపు ఖరీదు ఇదీ. ఇంజనీరింగ్‌లో 10,000 దాటిన ర్యాంకు వచ్చిన బీసీ విద్యార్థికి ప్రభుత్వం ఇచ్చేది ఏడాదికి 35,000 రూపాయలు. అది రాలేదని కాలేజీ అడిగితే, తండ్రి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కడతాడు. నెలకు వడ్డీ 1,050. రెండేళ్లు గడిస్తే వడ్డీ ఒక్కటే 25,200. ఆ తర్వాత ప్రభుత్వం నిధులు విడుదల చేసినా వచ్చేది 35,000 మాత్రమే, వడ్డీకి దిక్కు లేదు. పైగా ఆ మొత్తం జమయ్యేది కాలేజీ ఖాతాలో. అప్పటికే ఫీజు కట్టేసిన విద్యార్థికి దాన్ని తిరిగి ఇచ్చారా లేదా అని చూసే ఏర్పాటు లేదు. కోర్సు ముగిసి వెళ్లిపోయిన పిల్లవాడికి తన పేరిట డబ్బు పడిందన్న సంగతే చేరదు. దీనికి పరిష్కారం చిన్నది: ఈపాస్‌లో ‘విద్యార్థి ముందే చెల్లించాడు’ అనే గడి పెట్టి, రసీదు నంబరు నమోదు చేయించండి. ఆ గడి నిండి ఉంటే విడుదలైన సొమ్ము నేరుగా విద్యార్థి ఖాతాకు వెళ్లాలి.

అన్నిటికంటే ఎక్కువ నష్టపోయేది ఫైనలియర్ పిల్లలు. పీజీ కౌన్సెలింగ్‌కో ఉద్యోగానికో ఒరిజినల్స్ కావాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోరాదని యూజీసీ 2018 అక్టోబరులోనే నోటిఫికేషన్ ఇచ్చింది. అయినా నో డ్యూస్ ఫారంలో అకౌంట్స్ సంతకం పడదు, అది లేనిదే టీసీ రాదు. నాలుగేళ్ల బకాయి అంటే 1,40,000 రూపాయలు. రెండు మూడు రోజుల్లో అంత డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? కాలేజీలను గట్టిగా మందలిస్తే సరిపోతుందని మేం అనుకోవడం లేదు. బకాయిలు పేరుకుపోయిన చోట అధ్యాపకుల జీతాలూ ఆగుతున్నాయి. సర్టిఫికెట్ల నిబంధన నిలబడాలంటే ముందు సర్కారు తన వాటా చెల్లించాలి.

కాబట్టి విడుదలకు ఒక వరుస ఉండాలి. ఆ ఏడాది బయటికి వెళ్లే విద్యార్థుల బిల్లులు ముందు, మిగిలినవి టోకెన్ తేదీ ప్రకారం. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, ఈబీసీ శాఖలకు వేర్వేరు పద్దులు ఉన్నందువల్ల ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరికి వేర్వేరు ఏళ్లలో డబ్బు రాకూడదు. టోకెన్ నంబరు, తేదీ, వరుసలో స్థానం విద్యార్థి లాగిన్‌లో కనిపించాలి, ఫోన్‌కు మెసేజ్ రావాలి. ఏడాది ఫీజును నాలుగు భాగాలు చేసి, మూడు నెలలకోసారి జీతాల మాదిరిగా ముందే ప్రకటించిన తేదీన చెల్లించాలి. ఎస్సీ విద్యార్థుల విషయంలో ఇంకో చిక్కు ఉంది. ఎస్సీ స్కాలర్‌షిప్‌లపై 2021 నాటి కేంద్ర మార్గదర్శకాల్లో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. రాష్ట్ర వాటా విడుదలయ్యాకే కేంద్ర వాటా కదులుతుంది. ఆ పద్ధతిలో మనం 40 ఆపితే 60 కూడా ఆగినట్టే.

డబ్బు కాలేజీ ఖాతాలో వేయాలా, తల్లి ఖాతాలో వేయాలా అన్న చర్చ చాలా జరిగింది. ఆంధ్రప్రదేశ్ రెండూ చేసి చూసింది. ఖాతా ఎవరిదైనా డబ్బు ఆలస్యమైతే కాలేజీ అడిగేది ఆ ఇంటివాళ్లనే.

రెండో విషయం, ఆదాయ పరిమితి. బీసీ, ఈబీసీలకు గ్రామాల్లో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు. ఒక్క రూపాయి దాటితే ఏమీ రాదు. 4.5 లక్షల లోపు ఆదాయం ఉన్నవారికి విద్యారుణంపై చదువుకాలం, ఆపై ఒక ఏడాది వడ్డీని కేంద్రమే భరించే పథకం ఉంది. అంటే 2 నుంచి 4.5 లక్షల మధ్య ఉన్న ఇంటికి మిగిలిన దారి అప్పే. ఈ గీత దగ్గర ఒక్కసారిగా సున్నా చేయకుండా మెట్లు పెట్టండి: 3 లక్షల వరకు నాలుగింట మూడొంతుల ఫీజు, 4.5 లక్షల వరకు సగం. 35,000 పరిమితినీ ఫీజుల కమిటీ మూడేళ్లకోసారి ఖరారు చేసే కనిష్ఠ ఫీజుకు కట్టేయాలి. కనిష్ఠ ఫీజు 45,000 అయిన రోజు నుంచీ ఆ తేడా, నాలుగేళ్లకు 40,000, ఇంటి మీదే పడింది.

ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో ఫీజు పెద్ద భారం కాదు, ఉండటం, తినడం భారం. 2024లో పెంచాక కాలేజీ హాస్టళ్ల మెస్ చార్జీ నెలకు 2,100 రూపాయలు. రోజుకు 70, మూడు పూటలకు. దాన్ని ఏటా ధరల సూచీ ప్రకారం సవరించాలి తప్ప మళ్లీ ఏళ్ల తరబడి వదిలేయకూడదు. యూనివర్సిటీలకు ప్రభుత్వం ఏటా మొత్తంగా ఇచ్చే నిధి, అంటే బ్లాక్ గ్రాంటు, చాలావరకు జీతాలకు, పెన్షన్లకే పోతున్నందున విద్యార్థుల ఫీజుతోనే నడిచే సెల్ఫ్ ఫైనాన్స్ సీట్లు పెరుగుతున్నాయి. ప్రభుత్వ యూనివర్సిటీలో చేరి కూడా ప్రైవేటు ఫీజు కట్టడం ఆ పిల్లలకు న్యాయం కాదు.

ఈ ఏడాది ఫైనలియర్ విద్యార్థుల పేర్లు, టోకెన్ నంబర్లు ఈపాస్‌లోనే ఉన్నాయి. మీ కార్యాలయం ఒక తేదీ చెబితే, ఎవరు ముందే చెల్లించారో రసీదులతో సరిచూసి, కాలేజీలవారీ జాబితాలు మేమే తయారుచేసి తెచ్చి ఇస్తాం.

ఇట్లు,
కాలేజీల స్కాలర్‌షిప్ విభాగాల్లో పనిచేసే ఉద్యోగులు, అధ్యాపకులు