సాగరతీరం దివ్యాంగులకూ అందుబాటులో: 2024–25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు. 2024–25 ఆర్థిక సంవత్సరంలో మన సంఘం చేపట్టిన పనులను ఈ నివేదిక ద్వారా సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాము. విశాఖ తీరానికి వచ్చే దివ్యాంగ పర్యాటకుల సౌకర్యాలకే ఈ ఏడాది మన శ్రమలో అధిక భాగం వెచ్చించాము కనుక నివేదిక కూడా ఆ విషయానికే పరిమితమైంది.

వీల్‌చైర్ వాడే సభ్యులు, చూపులేని సభ్యులు, వయోవృద్ధులు బృందంగా ఏర్పడి ఆర్కే బీచ్, రుషికొండ, భీమిలి తీరాలను స్వయంగా పరిశీలించారు. ర్యాంపు ఉందా అని విచారిస్తే చాలాచోట్ల ఉందనే జవాబే వస్తుంది. అయితే బైకులు ఫుట్‌పాత్ ఎక్కకుండా ర్యాంపు మొదట్లోనే పాతిన దిమ్మెల సందులోంచి వెళ్లబోయిన ఒక సభ్యురాలి వేళ్లు చక్రానికీ దిమ్మెకూ మధ్య ఇరుక్కున్నాయి. బైకులను ఆపడానికి వేసిన దిమ్మె బైకులను ఆపలేదు గానీ ఆమెను ఆపింది. అడుగు ఎత్తు ఎక్కాలంటే ర్యాంపు కనీసం 12 అడుగుల పొడవు ఉండాలన్నది నిబంధన కాగా, కొన్నిచోట్ల మెట్ల మీద సిమెంటు పూసి ర్యాంపు అనిపించారు. చూపులేని వారికోసం పరిచిన గీతల పలకల దారిలో మొక్కజొన్న పొత్తుల బండ్లు నిలిచి ఉండగా, ఆ పలకలు దేనికో వివరించిన వెంటనే బండివారు పక్కకు జరిగారు. ఇన్నాళ్లూ వారికి ఆ సంగతి చెప్పినవారే లేరు.

అన్నిటికంటే ముందు పరిష్కరించవలసినది మరుగుదొడ్ల సమస్య అని కార్యవర్గం అభిప్రాయపడుతున్నది. బీచ్‌కు రావాలనుకున్న రోజున పొద్దుటి నుంచి మంచినీళ్లు తాగడం మానేస్తామని పలువురు మహిళా సభ్యులు చెప్పారు. దివ్యాంగుల గుర్తు వేసిన మరుగుదొడ్డికి సైతం గడప ఉండటం, తలుపు లోపలికి తెరుచుకోవడం వల్ల వీల్‌చైర్ లోపలికి వెళ్లాక తలుపు మూయడం సాధ్యపడటం లేదు. ఇసుకలోకి దారి వేయడం కంటే ఈ తలుపును బయటికి తెరుచుకునేలా మార్చడం ఎంతో చౌక, ఎంతో అవసరం.

ఇసుక విషయానికి వస్తే, వీల్‌చైర్ ముందు చక్రాలు చిన్నవి కావడం వల్ల పొడి ఇసుకలో వెంటనే కూరుకుపోతాయి. కుర్చీని వెనక్కి తిప్పి పెద్ద చక్రాల మీద లాగవచ్చు గానీ అప్పుడు కూర్చున్నవారి వీపు సముద్రం వైపు ఉంటుంది. చెన్నై మెరీనా బీచ్‌లో 2022 నవంబరులో దివ్యాంగులకోసం చెక్కబాట ప్రారంభించగా, మరుసటి నెలలోనే మాండూస్ తుఫాను దానిని దెబ్బతీసింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ను చూసిన ఊరిగా మనం దీనిని గమనించాలి. అందువల్ల తుఫాను హెచ్చరిక రాగానే చుట్టి భద్రపరచగల చాపబాటలనే మనం కోరుతున్నాము.

ఆర్కే బీచ్‌లో సముద్రం ప్రమాదకరమని, ఏటా అక్కడ ప్రాణాలు పోతున్నాయని సభ్యులందరికీ తెలుసు. కనుక అక్కడ అలలను దగ్గరగా చూసేందుకు అనువైన వేదికను మాత్రమే కోరి, నీటి అంచు వరకు చాపబాటను రుషికొండకు ప్రతిపాదించాము. శుభ్రమైన, సురక్షితమైన తీరాలకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు బ్లూ ఫ్లాగ్ 2020లో ఆ తీరానికి లభించింది; దాని ప్రమాణాలలో దివ్యాంగుల సౌకర్యం కూడా ఉన్నందున ఈ కోరిక కొత్తదేమీ కాదు. ఆర్కే బీచ్‌లోని కురుసుర జలాంతర్గామి మ్యూజియం సంగతి వేరు. గుండ్రని ఇరుకు ద్వారాలలోంచి వంగి దాటవలసిన ఓడను కోసి ర్యాంపు వేయమని ఎవరూ అడగరు. లోపలి గదులను వీడియోలోను, చేత్తో తడిమి చూడగల నమూనాలోను బయటే చూపితే చాలును.

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. పాత ప్రభుత్వ భవనాలను అందుబాటులోకి తేవడానికి 2017 నాటి నియమావళి మొదలుకొని ఇచ్చిన అయిదేళ్ల గడువు 2022లోనే ముగిసింది. సౌకర్యాల ప్రమాణాలను సిఫారసులుగా వదిలేయకుండా తప్పనిసరి నియమాలుగా రూపొందించాలని 2024 నవంబరు 8న రాజీవ్ రతూరీ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఈ తీర్పు ప్రతిని జతచేసి, ఫొటోలు, కొలతలతో వినతిపత్రం సమర్పించగా, నిధులు వచ్చినప్పుడు పరిశీలిస్తామని సంబంధిత కార్యాలయం జవాబిచ్చింది. ఆ జవాబుతో కార్యవర్గం సంతృప్తి చెందలేదు. దిమ్మెను జరపడానికి, తలుపును తిప్పి బిగించడానికి ప్రత్యేక నిధులు ఎందుకో రాతపూర్వకంగా తెలపాలని మళ్లీ కోరాము.

మన చేతిలో ఉన్న పనిగా, ఆటోలు, క్యాబ్‌లు నడిపే సోదరులకు వీల్‌చైర్ మడిచే పద్ధతిని, అడగకుండా మనిషిని ఎత్తకూడదన్న మర్యాదను నేర్పే శిక్షణ ప్రారంభించాము. చూపులేని సభ్యుల సూచన మేరకు, డ్రైవర్లు వారి చేయి పట్టుకుని లాగకుండా, పట్టుకుని నడిచేందుకు తమ మోచేతిని అందించడం కూడా అందులో చేర్చాము.

వచ్చే ఏడాది ప్రతి తీరానికీ ఒక సమాచార పత్రం తెలుగు, హిందీ భాషలలో తయారుచేస్తాము. ఎక్కడ ఎన్ని మెట్లు ఉన్నాయి, మరుగుదొడ్డి తలుపు వెడల్పు ఎంత, ఉదయం నడకవారికోసం బీచ్ రోడ్డు మూసే వేళల్లో వాహనం ఎక్కడ ఆపాలి వంటి వివరాలు అందులో ఉంటాయి. లేని సౌకర్యాన్ని లేదనే రాస్తాము. కొలతలు తీసే పనికి రాగల సభ్యులు కార్యదర్శి వద్ద పేరు నమోదు చేసుకోవాలని కోరుతున్నాము. జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా సమర్పిస్తారు.

— కార్యవర్గం తరఫున, కార్యదర్శి