కల్లుగీత, తాటిబెల్లం పనుల్లో పర్యావరణం: మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతి దాటాక మొదలైన తాటి గీత ఎండాకాలంతో ముగిసింది. భీమిలి, తగరపువలస చుట్టుపక్కల మన పని వల్ల నేలకీ నీటికీ చెట్టుకీ జరుగుతున్న నష్టం ఏమిటో చూసి, చేతనైనంత తగ్గించాలని కిందటి సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసుకున్నాం. ఈ ఏడాది సంఘం పని ఎక్కువగా దాని మీదే నడిచింది. జమాఖర్చుల కాగితం విడిగా ఇస్తున్నాం కాబట్టి ఇక్కడ డబ్బు సంగతి ఎత్తడం లేదు.

"చెట్టు నుంచి దించి అమ్ముకుంటాం, మన వల్ల కాలుష్యం ఏమిటి?" అని చాలామంది అడిగారు. కల్లు వరకూ ఆ మాట నిజమే. బీరుకైతే బార్లీ మొలకెత్తించాలి, ఆరబెట్టాలి, ఉడికించాలి, మళ్లీ చల్లార్చాలి. లీటరు బీరుకి ఫ్యాక్టరీలో నాలుగైదు లీటర్ల నీళ్లు ఖర్చవడం మామూలే. కల్లుకి ఇవేవీ అక్కర్లేదు. లొట్టిలో (చెట్టుకి కట్టే కుండలో) పడ్డ కొన్ని గంటల్లోనే ఈస్టు తన పని తాను చేసుకుపోతుంది. నష్టమంతా దించిన తర్వాత మనం చేసే పనుల్లో ఉంది.

బెల్లం పొయ్యి

అన్నిటికంటే పెద్ద ఖర్చు, పెద్ద పొగ ఇక్కడే. నీరాలో, అంటే పులియని తీపి తాటి రసంలో, చక్కెర నూటికి పన్నెండు పాళ్లకి కాస్త అటూ ఇటూ ఉంటుంది. అందుకని కిలో బెల్లానికి దాదాపు 8 లీటర్ల నీరా కావాలి, అందులో 7 లీటర్ల నీళ్లని ఆవిరి చేయాలి. ఆరిన కట్టె వేడి మొత్తం పెనానికే అందితే దీనికి కిలోన్నర లోపు కట్టె సరిపోతుంది. మూడు రాళ్ల పొయ్యి మీద వేడిలో 10 నుంచి 15 శాతమే పెనానికి తగులుతుంది, మిగతాది గాలి పాలు. కిలో బెల్లానికి ఎనిమిది నుంచి పన్నెండు కిలోల కట్టె ఎందుకు తగలబడుతోందో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

అనకాపల్లి వైపు చెరకు బెల్లం వండేవాళ్లకి ఈ బాధ తక్కువ. గానుగ ఆడగా మిగిలిన పిప్పినే ఎండబెట్టి పొయ్యిలో వేస్తారు. మనకి పిప్పి లేదు గానీ ఎండు మట్టలు, రాలిన ఆకులు, గీసి వదిలేసిన గెలలు చెట్టు కిందే పడి ఉంటాయి. ఇన్నాళ్లూ వాటిని వదిలేసి సరుగుడు కట్టె కొన్నాం. మట్ట భగ్గున మండి ఆరిపోతుంది, పెనం దగ్గర కూర్చున్నవాళ్లు మాటిమాటికీ ఎగదోస్తూ ఉండాలి, అందుకే ఎవరూ ఇష్టపడలేదు. అది అర్థం చేసుకోదగ్గ కారణమే.

ఈసారి ఇటుక, బంకమట్టితో మూసిన పొయ్యి ఒకటి కట్టాం. అడుగున కంతల ఇనుప పలక, వెనక పొగగొట్టం పెట్టాం. పెద్ద పెనం తర్వాత, పొగ బయటికి పోయే దారిలోనే, ఇంకో చిన్న పెనం ఉంటుంది. తాజా నీరా ముందు దాంట్లో వేడెక్కి, ఆ తర్వాత పెద్ద పెనంలోకి వెళ్తుంది. బీరు తయారీలోనూ ఇదే ఎత్తు: మరిగిన రసాన్ని చల్లార్చేటప్పుడు వచ్చే వేడితో తర్వాతి విడతకి నీళ్లు కాచుకుంటారు. పోయే వేడిని పట్టుకోవడమే అసలు పని.

కట్టె ఎంత తగ్గిందని అడిగితే శాతం చెప్పను. నీరా దిగుబడి ఏడాదికోలా ఉంటుంది, కట్టె తూకం వేసే అలవాటు మనకి లేదు. వచ్చే సీజన్ నుంచి బెల్లం తూకం పక్కనే కట్టె తూకం కూడా రాయాలి. కొత్త పొయ్యి దగ్గర వండిన మన ఆడవాళ్లు మాత్రం పాత పొయ్యి జోలికి మళ్లీ వెళ్లమంటున్నారు. కళ్ల మంట తగ్గిందట.

కడుగు నీళ్లు, మిగులు కల్లు

సాయంత్రానికి అమ్ముడుపోని కల్లు మర్నాటికి పులిసిపోతుంది. దాన్ని గెడ్డలో (వాగులో) పారబోయడం ఆపమని అందరికీ చెప్పాం. అది విషం కాదు కదా అన్నవాళ్లున్నారు. నీటిలో కలిసిన చక్కెరనీ ఆల్కహాల్‌నీ సూక్ష్మజీవులు తినేటప్పుడు నీళ్లలోని ఆక్సిజన్ అయిపోతుంది, చేప చస్తుంది. ఇప్పుడు మిగిలినదాన్ని మట్టి కుండల్లో పోసి, మూతికి గుడ్డ కట్టి, గాలి తగిలేలా ఉంచి వెనిగర్ చేస్తున్నాం. ఇంట్లో పచ్చళ్లకి వాడుకుంటున్నారు. బయట అమ్మాలంటే ఫుడ్ లైసెన్సు ఉండాలి, ఆమ్లం కనీసం 3.75 శాతం తేలాలి. ఆ పరీక్ష ఇంకా చేయించలేదు. అడుగున చేరే మడ్డి ఎరువు గుంటలోకి పోతోంది.

నీరా పులియకుండా లొట్టిలో పూసే సున్నాన్ని కడిగే ముందు పొడిగానే గీకి తీస్తే సగం నీళ్లు మిగులుతాయి. రెండు తొట్లు పెట్టాం: మొదటి కడుగు పాత నీళ్లతో, రెండోది మంచి నీళ్లతో.

గ్లాసుల గొడవ

దీనికి ఎక్కువ టైము పట్టకూడదు, కానీ పట్టింది. 2022 జూలై 1 నుంచి దేశమంతటా ప్లాస్టిక్ గ్లాసులు నిషేధం, అయినా దుకాణాల దగ్గర కనపడుతూనే ఉన్నాయి. కొందరు పేపరు కప్పులకి మారారు. వాటి లోపల కూడా పలచని ప్లాస్టిక్ పొర ఉంటుంది, లేకపోతే కల్లు నిలవదు. తాటాకు దొన్నె చాలనేది కార్యవర్గం మాట. కారుతుందని కొందరి ఫిర్యాదు. లేత ఆకు వాడితే కారదు, ముదురు ఆకు మడతలో పగులుతుంది. కూర్చుని తాగేవాళ్లకి స్టీలు గ్లాసులు పెట్టుకోవచ్చు.

టెంకలు

ఇటుక బట్టీలకీ లేఅవుట్లకీ పోతున్న చెట్లని మనం ఆపలేకపోయాం, పట్టా భూమిలో యజమాని ఇష్టం. చేయగలిగింది నాటడమే. వానలు పడ్డాక చెరువు గట్ల మీద, గెడ్డ ఒడ్డున టెంకలు పాతాం. తాటి వేరు ముందు లోతుకి దిగుతుంది, మొక్కని పీకి వేరేచోట పెట్టడం కష్టం, అందుకే ఉండాల్సిన చోటే నేరుగా పాతాలి. గీతకి రావడానికి పన్నెండు, పదిహేనేళ్లు పైనే పడుతుంది, గెల వేసేదాకా పోతుదో ఆడదో కూడా తెలీదు. మేకలు తొక్కకుండా ముళ్లకంప వేసిన చోట మొలకలు నిలిచాయి, వేయనిచోట పోయాయి.

ఇంకో సంగతి. ఆడ చెట్టు గెలలన్నీ గీసేస్తే ముంజులూ ఉండవు, పండూ ఉండదు, టెంకా ఉండదు. ఒక్కొక్కరు తమ వంతులో ఒక ఆడ చెట్టుని ఆ ఏడాదికి గీయకుండా వదలాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. రంపచోడవరం దగ్గర పందిరిమామిడి ఉద్యాన పరిశోధన కేంద్రంలో తాటి మీద పని జరుగుతోంది. నీరా, బెల్లం తయారీలో మెళకువలు చూసి రావడానికి కుర్రవాళ్లని పంపాలని ఉంది, పేర్లు ఇవ్వండి.

సమావేశంలో తేల్చాల్సినవి: రెండో పొయ్యి ఎవరి పాక దగ్గర కట్టాలి, ఆడ చెట్టు వదిలే ప్రతిపాదన, గ్లాసుల మీద జరిమానా పెట్టాలా వద్దా. జరిమానాకి నేను వ్యతిరేకం, వాదన ఉన్నవాళ్లు సభలో చెప్పండి.

ఇట్లు,
కార్యదర్శి