లోకేశ్ గారూ, ఆ బాక్సైట్ ఫైలు మా క్లాసుకు ఇప్పించండి

గౌరవనీయ మానవ వనరులు, ఐటీ శాఖల మంత్రి నారా లోకేశ్ గారికి,

నేను రాష్ట్రంలోని ఒక యూనివర్సిటీలో ఎల్ఎల్ఎం చదువుతున్నాను. అంతర్జాతీయ పెట్టుబడుల చట్టం, అంటే విదేశీ కంపెనీలకూ అవి పెట్టుబడి పెట్టిన దేశాలకూ మధ్య హక్కులు, తగాదాల గురించిన చట్టం, నాకు ఇష్టమైన సబ్జెక్టు. సిలబస్‌లో దానికి దక్కింది ఒక పేపర్లో ఒక యూనిట్. నాలుగు క్లాసుల్లో అయిపోయింది. యూనివర్సిటీలూ మీ చేతిలోనే ఉన్నాయి, దావోస్ దాకా వెళ్లి కంపెనీలను పిలిచేదీ మీరే. అందుకే ఈ ఉత్తరం మీకు.

2007లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం యూఏఈలోని రస్ అల్ ఖైమా పెట్టుబడుల సంస్థతో ఎంఓయూ (అవగాహన ఒప్పందం) చేసుకుంది. విశాఖ మన్యంలో బాక్సైట్ (అల్యూమినియం ముడి ఖనిజం) తవ్వి, మాకవరపాలెం దగ్గర కట్టే అల్యూమినా ఫ్యాక్టరీకి ఇవ్వాలని లెక్క. ఫ్యాక్టరీ లేచింది. గిరిజనులు కొండలు తవ్వనివ్వలేదు. 2016లో సరఫరా ఒప్పందం రద్దయింది. ఆ సంస్థ 2013 నాటి భారత్–యూఏఈ పెట్టుబడుల రక్షణ ఒప్పందం పట్టుకుని ఆర్బిట్రేషన్‌కు (కోర్టు బయట మధ్యవర్తుల ట్రైబ్యునల్ ముందుకు) వెళ్లి, సుమారు 27 కోట్ల డాలర్లు అడిగింది. ఆంధ్రప్రదేశ్‌ను కాదు, భారతదేశాన్ని. సంతకం పెట్టిందీ, రద్దు చేసిందీ రాష్ట్రమే అయినా ట్రైబ్యునల్ ముందు నిలబడాల్సింది దేశం.

గిరిజనుల మాట వినడం తప్పని నేను అనను. వినాల్సి వస్తుందని ముందే ఊహించి ఒప్పందం రాసుకోకపోవడం తప్పు. అలా రాయడం నేర్పేదే ఈ చదువు. మా యూనిట్‌లో మాత్రం ఈ కేసు ఊసే లేదు, అర్జెంటీనా మీద విదేశీ కంపెనీలు వేసిన కేసులు బట్టీ పడుతున్నాం.

ఇందులో మెలికలు ఎలా ఉంటాయో ఒక్కటి చెప్తాను. వైట్ ఇండస్ట్రీస్ అనే ఆస్ట్రేలియా కంపెనీ కోల్ ఇండియా మీద 2002లో ఆర్బిట్రేషన్ గెలిచింది. డబ్బు వసూలు కోసం మన కోర్టుల చుట్టూ తొమ్మిదేళ్లు తిరిగింది. చివరికి ఆ జాప్యం మీద భారత్‌పైనే ఆర్బిట్రేషన్ వేసి 2011లో గెలిచింది. ఎలాగంటే, భారత్–ఆస్ట్రేలియా ఒప్పందంలో లేని హామీ ఒకటి, హక్కులు రాబట్టుకోవడానికి సమర్థమైన మార్గం ఇస్తామన్నది, భారత్–కువైట్ ఒప్పందంలో ఉంది. వేరే దేశాలకు ఇచ్చినంత మేలు మాకూ ఇవ్వాలన్న క్లాజుతో దాన్ని లాక్కొచ్చారు. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు, నిజం.

విశాఖలో డేటా సెంటర్‌కు మీరు పిలిచిన గూగుల్ అమెరికా కంపెనీ కదా, అమెరికాతో మనకు ఇలాంటి ఒప్పందమే లేదు కదా అని ఎవరైనా మీతో అంటే పూర్తిగా నమ్మకండి. వొడాఫోన్ బ్రిటిష్ కంపెనీ, పన్ను గొడవలో భారత్ మీద కేసు వేసింది మాత్రం నెదర్లాండ్స్‌లోని తన కంపెనీ పేరుతో, భారత్–నెదర్లాండ్స్ ఒప్పందం కింద. 2020లో గెలిచింది కూడా.

జెనీవాకో సింగపూర్‌కో వెళ్లి చదవొచ్చు. మా నాన్న పొలం అమ్మితే.

నేను అడిగేవి పెద్దవి కావు. రాష్ట్ర యూనివర్సిటీల్లో ఒక్కచోటైనా దీన్ని ఎల్ఎల్ఎం స్పెషలైజేషన్‌గా పెట్టండి. పెద్ద ఎంఓయూలు పరిశీలించే లాయర్ల దగ్గర ఏటా నలుగురైదుగురు విద్యార్థులకు ఇంటర్న్‌షిప్ ఇప్పించండి, స్టైపెండ్ లేకపోయినా వస్తాం. రహస్యం కానంతవరకు ఆ బాక్సైట్ కేసు కాగితాలు మా లైబ్రరీలకు పంపించండి. ఇప్పుడు ఆ షెల్ఫులో ఒకే పుస్తకం ఉంది, అదీ ఇలాంటి ఒప్పందాలకు భారత్ తయారుచేసుకున్న 2016 నమూనా రాకముందుది.

భవదీయుడు,
ఒక ఎల్ఎల్ఎం విద్యార్థి