టైమింగ్ చైన్ కిట్‌లో తప్పు చోట పడిన రంగు లింకు, ఫోన్లో ఇచ్చిన ప్రమాదకరమైన సలహా గురించి ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

అయ్యా,

మీ కంపెనీ టైమింగ్ చైన్ కిట్ కొన్నాను. పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్‌నీ, వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్ట్‌నీ కలిపి లెక్క తప్పకుండా తిప్పే చైన్ ఇది. పెట్టె మీద 'ఇంట్లోనే సులువుగా బిగించుకోవచ్చు' అని పెద్ద అక్షరాల్లో వేశారు. అది నమ్మి కొనేవాళ్ల ఇంజిన్లకూ, చేతులకూ ముప్పు తెచ్చే లోపాలు ఇందులో ఉన్నాయి కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

అన్నిటికన్నా పెద్ద లోపం చైన్‌లోనే ఉంది. బిగించే ముందు పాత చైన్‌నీ కొత్త చైన్‌నీ బల్ల మీద పక్కపక్కనే పరిచి, గుర్తులు కలపడానికి రంగు వేసిన ఒక లింకు నుంచి ఇంకో రంగు లింకు దాకా వేలితో లెక్కపెట్టాను. క్యామ్ షాఫ్ట్ గుర్తుకు ఎదురుగా రావలసిన లింకుకూ, క్రాంక్ షాఫ్ట్ గుర్తుకు రావలసిన లింకుకూ మధ్య మీ చైన్‌లో ఒక లింకు తక్కువ ఉంది. మొత్తం లింకులు మాత్రం రెండింటిలోనూ సమానమే. అంటే చైన్ సరైనదే, రంగు పడిన చోటు తప్పు. కారు సర్వీస్ మాన్యువల్ కూడా తిరగేశాను, పాత చైన్ లెక్కే సరిపోయింది.

మీ రంగును నమ్మి బిగిస్తే క్యామ్ ఒక పన్ను అటూ ఇటూ అవుతుంది. మా కారుది వాల్వులూ పిస్టన్లూ ఒకే చోటులోకి వంతులవారీగా వచ్చిపోయే రకం ఇంజిన్. టైమింగ్ తగినంత తప్పితే పిస్టన్ వచ్చి వాల్వును గుద్దుతుంది. ఒక్క పన్నుకే అంత జరగకపోయినా ఇంజిన్ సరిగ్గా నడవదు, కవర్ మళ్లీ విప్పాల్సిందే.

ఇక పెట్టెలోని సూచనల కాగితం సంగతి. 'పాతది తీయండి, గుర్తులు కలిపి కొత్తది వేయండి, కవర్ మూయండి', అంతే! చైన్‌ను బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్‌కు, అది ముందే తెరుచుకోకుండా గుచ్చి పంపిన పిన్ను ఊసే లేదు. టెన్షనర్ బోల్టులు బిగించి, చైన్ గైడ్ల మీద సరిగ్గా కూర్చుందని చూసుకున్నాకే ఆ పిన్ను లాగాలి. మరిచిపోయి కవర్ మూస్తే చైన్ వదులుగానే ఉండిపోయి పళ్లు దాటేస్తుంది. స్టార్ట్ చేసే ముందు క్రాంక్‌ను చేత్తో, అది మామూలుగా తిరిగే దిశలోనే, రెండు పూర్తి చుట్లు తిప్పి స్ప్రాకెట్ల (చైన్ ఎక్కే పళ్ల చక్రాల) గుర్తులు చూడాలన్న మాట కూడా లేదు. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది, అందుకే రెండు. రంగు లింకులు అప్పుడు మళ్లీ గుర్తుల దగ్గరికి రాకపోవచ్చు. ఇది చెప్పకపోతే కొత్తవాళ్లు బెదిరిపోయి సరిగ్గా బిగించినదాన్ని విప్పేస్తారు.

నాకు కోపం తెప్పించింది మాత్రం మీ హెల్ప్‌లైన్. క్రాంక్ పుల్లీ (క్రాంక్ షాఫ్ట్ చివర ఉండే చక్రం) బోల్టు ఎలా విప్పాలని అడిగితే, పానా తగిలించి దాని పిడిని ఛాసిస్‌కు ఆనించి స్టార్టర్ ఒక్కసారి కొట్టమన్నారు. ఆ పానా జారితే మనిషి చెయ్యో ముఖమో ఏమవుతుంది? నేను ఆ పని చెయ్యలేదు. బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, పుల్లీని కదలకుండా పట్టే పనిముట్టుతోనే బోల్టు విప్పాను. పైగా మా ఇంజిన్‌కు ఆ బోల్టు ఒకసారి విప్పితే మళ్లీ వాడకూడదని మాన్యువల్ చెబుతోంది. మీరు 'పూర్తి కిట్' అని అమ్మిన పెట్టెలో కొత్త బోల్టు లేదు.

రంగు లింకుల ఫోటోలు పంపితే 'మెకానిక్‌కు చూపించండి' అని మీ జవాబు. మెకానిక్ అయినా ఆ రంగు చూసే కదా బిగించేది?

కాబట్టి నా డబ్బు పూర్తిగా వెనక్కి ఇవ్వండి, చైన్‌ను మీ ఖర్చుతో తెప్పించుకుని పరీక్షించండి. ఇదే బ్యాచ్ కొన్న మిగతావాళ్లకు వెంటనే కబురు చేయండి, వాళ్లలో కొందరు ఈపాటికే కవర్ విప్పి ఉండవచ్చు. స్టార్టర్ సలహా ఇంకెవరికీ ఇవ్వవద్దని మీ సిబ్బందికి రాతపూర్వకంగా చెప్పి, ఆ నకలు నాకు పంపండి. సరైన సూచనల కాగితం వేసేదాకా పెట్టె మీది 'ఇంట్లోనే సులువుగా' అన్న మాట తీసేయండి.

బిల్లు నకలు, రెండు చైన్ల ఫోటోలు జతపరిచాను. చైన్ నా దగ్గరే భద్రంగా ఉంది. పదిహేను రోజుల్లో రాతపూర్వక సమాధానం రాకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళతాను.

ఇట్లు,
మీ కిట్ కొన్న వినియోగదారుడు