నాలుగోసారి రాస్తున్నాం: మీ కొత్త వెర్షన్‌లో జీవులు నడవడం మానేశాయి

బ్రాడీపేట,
గుంటూరు.

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

దిమ్మెలతో కట్టిన జీవులను కంప్యూటర్లో తరతరాలుగా పరిణామం చెందించి నడక పుట్టించే మీ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో తప్పుందని, కొత్త వెర్షన్‌లో అవి నడవకుండా నేలలో కాలు గుచ్చి ఎగిరిపోతున్నాయని చెప్పి ఐదు వారాలైంది. మూడు టికెట్లు పెట్టాం. మూడూ మీవాళ్లే మూసేశారు. మేం పంపిన ఫైల్ ఒక్కరైనా తెరిచారా?

మొదటి అబ్బాయి గ్రాఫిక్స్ డ్రైవర్ మార్చమన్నాడు. లెక్కంతా ప్రాసెసర్ మీదే నడుస్తుంది, బొమ్మ ఆపేసినా ఇదే జరుగుతోంది అని చెప్పినా వినలేదు. సరే, మార్చాం. రెండో ఆవిడ మ్యుటేషన్ రేటు, అంటే పుట్టే పిల్లల్లో వచ్చే మార్పుల శాతం, తగ్గించమన్నారు. మేం పంపిన ఫైల్లో మ్యుటేషనే లేదండీ అంటే స్క్రీన్‌షాట్ పంపమన్నారు. కదలికలోని తప్పు నిలిచిపోయిన బొమ్మలో ఎలా కనిపిస్తుంది? వీడియో పంపితే సైజు ఎక్కువని తిరిగొచ్చింది. మూడో ఆయన మళ్లీ డ్రైవర్ దగ్గర మొదలుపెట్టారు. చివరికి, ఎత్తు ఎగిరేవాటికి మార్కులు కోయమన్నారు. కోశాం. అవి నేల మీదే సన్నగా వణుకుతూ పక్కకు జారడం మొదలుపెట్టాయి. ఆ సంగతి చెబుతుంటే లైన్‌లో ఉండమని నలభై నిమిషాలు పాట వినిపించారు. సాయంత్రానికి 'సమస్య పరిష్కారమైంది' అని మెసేజ్!

ఈసారైనా చదవండి. పాత వెర్షన్ సెకనును 240 స్టెప్పులుగా లెక్కకట్టేది. కొత్తదాంట్లో అవి 60 అయ్యాయి, మార్చుకునే వీలూ తీసేశారు. స్టెప్ పెద్దదయ్యేసరికి కాలు ఒక్కసారిగా నేలలోకి దిగబడుతోంది. దాన్ని బయటికి నెట్టబోయి సాల్వర్, అంటే తాకిళ్లను లెక్కకట్టే భాగం, లేని శక్తిని పుట్టిస్తోంది. మామూలు ఆటలో అది చిన్న కుదుపు. పరిణామంలో అలా పోదు. 300 జీవుల్లో ఎక్కువ దూరం వెళ్లిన 60 మాత్రమే మిగిలి సంతానాన్నిస్తాయి. నేలలో కాలు గుచ్చి ఎగిరేది ఒక్కటి పుడితే చాలు, పది తరాలు తిరక్కుండా మందంతా దాని పిల్లలే. ఇలాంటి లొసుగు ఉంటే జీవులు కనిపెట్టి తీరతాయని, కంప్యూటర్లో ఇలాంటి జీవులను పరిణామంతో పుట్టించిన కార్ల్ సిమ్స్ 1994లోనే రాశారు.

నమ్మకం లేకపోతే మీరే చూడండి: రెండు దిమ్మెల్ని కీలుతో కలపండి. మోటారు బలం సున్నా పెట్టి, మీటరు ఎత్తు నుంచి వదలండి. నేల తాకాక వాటి గరిమనాభి వదిలిన ఎత్తు దాటి లేవకూడదు. లేస్తోంది. ప్రతి స్టెప్‌లో మొత్తం శక్తిని రాయించి చూడండి, ఎక్కడ పెరుగుతోందో మీకే తెలుస్తుంది.

నాలుగేళ్లుగా లైసెన్సు డబ్బు ఒక్కరోజు ఆలస్యం చేయలేదు. విజయవాడ కాలేజీలవాళ్లు అడిగితే మీదే కొనమన్నాం. ఇప్పుడు వాళ్లకు ఏం చెప్పాలి? ఆ 240 వెనక్కి ఇస్తారో, ఈ ఏడాది డబ్బే ఇస్తారో, ఫిజిక్స్ కోడ్ రాసినవాళ్లతో మాట్లాడిస్తారో తేల్చండి. లేదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాం, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కూ వెళ్తాం. మెయిళ్లు, టికెట్లు, కాల్ తేదీలు అన్నీ ఉన్నాయి.

అదే ఫైల్ మళ్లీ జతచేశాం. తెరవండి.