ఫారం పక్కన పెట్టి నేల మీద కూర్చున్న మేడమ్‌కి

మా బాబుకు 2 ఏళ్లు నిండాయి. ఆ వయసుకు చాలామంది పిల్లలు రెండు మాటలు కలిపి చెబుతారు, వీడు అప్పటికి ఒక్కటీ పలికేవాడు కాదు. "నువ్వే సరిగ్గా మాట్లాడించవు" అని అందరూ నన్నే అనేవారు. ఆ టెన్షన్‌తోనే మీ స్పీచ్ థెరపీ సెంటర్‌కు వచ్చాను. ఫారంలో మొదటి ప్రశ్నకే ఏడుపొచ్చేసింది.

మీరు వెంటనే పెన్ను పక్కన పెట్టేశారు. ఓదార్పు మాటలేమీ చెప్పలేదు (చెప్పి ఉంటే ఇంకా ఏడ్చేదాన్ని). వాడి ఎదురుగా నేల మీద కూర్చుని బంతి దొర్లించారు. వాడు తిరిగి దొర్లించాడు. మూడోసారి మీరు బంతిని చేతిలోనే ఉంచుకుని వాడి కళ్లలోకి చూస్తూ ఆగారు. నేను మధ్యలో కల్పించుకోబోతే చెయ్యి ఎత్తి వద్దన్నారు. ఎంతసేపో! చివరికి వాడు "బా" అన్నాడు. మీరు చప్పట్లు కొట్టారు.

"ఇందులో మీ తప్పేం లేదు, ముందు వినికిడి పరీక్ష చేయించండి" అన్నారు. చేయిస్తే చెవిలో నీరు చేరిందని తెలిసింది, చికిత్స జరిగింది. ఇంట్లో రోజూ బంతాట ఆడాం, మీలాగే ఆగుతూ.

నిన్న వాడు "అమ్మా, దా" అన్నాడు. ఆ రోజు కంగారులో మీ పేరైనా అడగలేదు. థాంక్యూ మేడమ్.