బీడీ మానేశాక వచ్చే దగ్గు

సంపాదకులకు,

మా నాన్న 30 ఏళ్లు బీడీలు తాగి, మొన్న ఉగాదికి మానేశారు. వారం తిరగకముందే దగ్గు, కళ్లె పెరిగాయి. ‘దీనికంటే తాగడమే నయం’ అని మళ్లీ బీడీ కట్ట వెతుక్కున్నారు. పొగకు చచ్చుబడిన ఊపిరి గొట్టాల్లోని సన్నని నూగు మళ్లీ కదులుతూ కళ్లెను బయటికి తోస్తుందనీ, అందుకే కొందరికి కొన్నాళ్లు దగ్గు ఎక్కువవుతుందనీ ఆయనకు ఎవరూ చెప్పలేదు. (రక్తం పడితే మాత్రం వెంటనే డాక్టరుకు చూపించాలి.) మానేసిన ఏడాదికి గుండెజబ్బు ముప్పు దాదాపు సగానికి తగ్గుతుంది. మేం తిరిగిన ఆసుపత్రుల గోడల మీద పాడైన ఊపిరితిత్తుల బొమ్మలే ఉన్నాయి. ఈ మంచి మాటలూ, ఉచిత సలహా నంబరు 1800 11 2356 కూడా తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించాలని అధికారులను వేడుకుంటున్నాను. నాన్న ఇప్పుడు దేవుని కడప గుడికి ఆయాసం లేకుండా నడిచి వెళ్తున్నారు.

— ఒక పాఠకురాలు, కడప